అన్నయ్యకు తగిలించిన గారు

మా ఊరి స్వామి కల్యాణంలో గుడి వీధివాళ్లు మగపెళ్లివారు, నరసాపురం కాలవ గట్టువాళ్లు ఆడపెళ్లివారు. నేను పుట్టింది గుడి వీధిలో, మెట్టింది కాలవ గట్టున. అందుకే కల్యాణానికి ముందు ఎదురుకోలులో రెండు వైపులవాళ్లూ ఒకరినొకరు దెప్పుకునేటప్పుడు, లక్ష్మీదేవి తరఫున నేను మా అన్నయ్యతోనే తగువుకు దిగుతాను. ఆ పూట అన్నయ్యకు గారు తగిలిస్తాను.

ఈసారి అన్నయ్య మైకు పుచ్చుకుని, "ఏమండీ ఆడపెళ్లివారూ, మీ అమ్మాయి ఎవరింట్లోనూ నిలవదటగా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది.

"అది ఆ ఇళ్ల తప్పండీ అన్నయ్యగారూ! మీ అబ్బాయి గుండెల మీద కూర్చుంది కదా, అక్కణ్ణుంచి ఎప్పుడైనా దిగిందా?"

ముందుగా చప్పట్లు కొట్టింది, అన్నయ్య పక్కనే మగపెళ్లివారిలో కూర్చున్న మా వదిన.