బస్టాండుకు ఎట్లా పోవాలి

సకల జనుల సమ్మెకు ఆర్టీసీ బస్సులన్నీ డిపోల్లో ఆగిపోయిన రోజుల్లో, నేను మా అన్నకు బస్టాండుకు తోవ చెప్పడం నేర్పుతున్నాను. అదీ ఇంగ్లిష్‌లో.

అన్న రాయికల్, జగిత్యాల మధ్య ఆటో నడిపేవాడు. మనసంతా దుబాయిలో డ్రైవర్ పని మీదే. అంతకుముందు ఒక ఇంటర్వ్యూలో ఇంగ్లిష్‌లో తోవ చెప్పమంటే నోరు పెగలక తిరిగొచ్చాడు. కోరుట్లలో మళ్లీ ఇంటర్వ్యూ ఉందని తెలియగానే, "గీసారి గూడ కాకపోతే మళ్ల దుబాయి పేరెత్తను" అని వదినకు మాటిచ్చి, డిగ్రీ చదివిన చెల్లెలినని నన్ను పట్టుకున్నాడు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది.

నేను ప్యాసింజర్‌ని. అన్న తోవ చెప్పాలి. లెఫ్ట్ అనాలంటే ముందు ఆయన చేతులు గాలిలోనే ఆటో హ్యాండిల్‌ను తిప్పేవి, ఒళ్లంతా అటు వాలేది, ఆ తర్వాతే మాట వచ్చేది. అదైనా ఓర్చుకున్నాను. "హౌ టు గో టు బస్టాండ్?" అంటే "వై? వాట్ వర్క్?" అని ఎదురు అడిగేవాడు చూడండి, అది మాత్రం నా వల్ల కాలేదు.

"తొవ్వ అడిగితే తొవ్వ చెప్పాలె. వాని పని సంగతి నీకెందుకన్నా?"

"ఎవలింటికి, ఏం పని మీద అని అడుగకుండ మన దగ్గర ఎవలన్న తొవ్వ చెప్తరా చెల్లె?"

"ఇంగ్లిష్ల గట్ల అడుగరు."

"అయితే గది తొవ్వ చెప్పుడు గాదు, పీడ వదిలించుకునుడు."

పక్కనే వదిన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే "గో స్ట్రెయిట్, టర్న్ లెఫ్ట్" అనేసేది. "నువ్వే పో దుబాయికి" అని అన్న ఉడుక్కునేవాడు.

ఇంటర్వ్యూ రోజు ధైర్యానికి నేనూ ఆటోలో కోరుట్ల దాకా వెళ్లి, ఇంటర్వ్యూ గది కిటికీ పక్కన నిలబడ్డాను. బొంబాయి నుంచి వచ్చిన సారు అందరినీ అదే అడుగుతున్నాడు. తాను ప్యాసింజర్‌నట, బస్టాండుకు తోవ చెప్పాలట. ముందున్నవాళ్లంతా చిలక పలుకుల్లా స్ట్రెయిట్, లెఫ్ట్, రైట్ అని అప్పజెప్పి వస్తున్నారు. అన్న వంతు వచ్చింది.

"వై సార్? టుడే నో బస్. స్ట్రైక్. వాట్ వర్క్? వేర్ యు వాంట్ గో? ఐ డ్రాప్."

నేను నెత్తి కొట్టుకున్నాను. సారు మాత్రం పగలబడి నవ్వాడు. పొద్దుటి నుంచి అందరూ తనను బస్సుల్లేని బస్టాండుకే పంపిస్తున్నారని హిందీలో అని, అన్న పాస్‌పోర్టు తీసుకుని తన దగ్గర పెట్టుకున్నాడు. అంటే అన్న ఎంపికైనట్టే.

తిరుగు దారంతా అన్న హారన్ కొడుతూనే ఉన్నాడు. వంటావార్పు పెట్టి రోడ్డు మీద కూర్చున్నవాళ్లు ఆటో ఆపితే, జై తెలంగాణ అని, వాళ్లకు కూడా దుబాయి వార్త చెప్పేశాడు. వాళ్లు మాకిద్దరికీ విస్తర్లు వేసి తినిపించి గానీ వదల్లేదు.

ఇంట్లో వదిన చాట పక్కన పెట్టి అంతా విన్నది. మంచిదే అన్నది. అన్నకు చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన తాగేదాకా ఆగి, ప్యాసింజర్ లాగే మర్యాదగా అడిగింది.

"సార్, హౌ టు కమ్ బ్యాక్?"

నేను నవ్వబోయాను. వదిన ముఖం చూస్తే ఏడుపొచ్చింది. చెంబు దింపిన అన్న చేతులు గాలిలో హ్యాండిల్ పట్టుకున్నాయి గానీ, ఎటూ తిరగలేదు.