దూడకు రాసిన నిమ్మగడ్డి నూనె

కొత్త అల్లుడిగా నాకున్న పరువునంతా ఒక బర్రె నాకి పారేసింది. మాట వరసకు అనడం లేదు, నిజంగానే నాకింది. ఆ బర్రె మీద నాకు ఇప్పటికీ కోపమే.

అప్పట్లో నేను ఫోనులో వీడియోలు చూసి దోమల విద్యలో పండితుణ్ణయిపోయి ఉన్నాను. అందుకే చిలకలూరిపేట నుంచి వెల్దుర్తి దగ్గర అత్తారింటికి వెళ్తూ సీసాడు నిమ్మగడ్డి నూనె పట్టుకెళ్లాను. వెళ్లేసరికి మా అత్తగారు కొట్టంలో వేపాకు పొగ వేస్తున్నారు.

"ఈ కాలంలో కూడా పొగేంటండీ? దోమలతో పాటు మనమూ పోతాం!" అన్నాను.

"మీరెట్టా అంటే అట్టాగే అల్లుడుగారూ," అంటూ ఆవిడ పొగ ఆర్పేశారు.

కొత్త అల్లుడికి ఎదురు చెప్పకూడదని ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, నా కొంప ముంచింది ఆ మర్యాదే. ఆవిడ అటు తిరగ్గానే, చెవులు విదిలించుకుంటున్న దూడకు తల నుంచి తోక దాకా నూనె పట్టించాను. నాకు చుక్క కూడా మిగుల్చుకోలేదు. అదీ నా త్యాగం!

ఆ సాయంత్రమే అల్లుణ్ణి చూడ్డానికి ఊరి పెద్దలు కాఫీకి వస్తున్నారు. ఇంట్లో చుక్క పాలు లేవు, అప్పటికప్పుడు పితకాలి. అత్తగారు చెంబు పట్టుకుని దూడను వదిలారు. బర్రె తన దూడను వాసన చూసి గుర్తుపడితే గానీ చేపదట, అంటే పొదుగులోకి పాలు దించదట. ఈ ముక్క ఏ వీడియోలోనైనా చెప్పారా? చెప్పలేదు!

బర్రె దూడను వాసన చూసింది. బుస్సుమంది. ఈడ్చి ఒక్క తన్ను తన్నింది.

"ఏందే, నీ బిడ్డేనే!" అని అత్తగారు బతిమాలారు. బర్రె వింటేనా?

"వాళ్లు వీధి మలుపు తిరిగారే! పాలేయి?" అని మామగారి కేక.

"ఎక్కడియ్యి? ఎవరో దూడ మీద సెంటు పోశారు!"

నా భార్య సుజాత నావైపు చూసింది. "ఎవరో కాదులేమ్మా."

దున్నపోతు మీద వాన పడితే ఏమీ కాదని సామెత చెప్పిన పెద్దలు, దూడ మీద నూనె పడితే ఏమవుతుందో ఎందుకు చెప్పలేదని అడుగుతున్నాను!

అత్తగారు తవుడులో ఉప్పునీళ్లు కలిపి నా చేతికిచ్చారు. "దూడకి రుద్దండి. ఉప్పుకి నాకుద్ది, నాకితే చేపుద్ది." గారూ గీరూ ఎగిరిపోయింది, గమనించారా?

రుద్దుతున్నాను. దూడను వదిలేసిన దోమలన్నీ కలిసి నా మీద పడ్డాయి. ఆ తవుడు చేతులతోనే మెడ గోక్కున్నాను, బుగ్గలు గోక్కున్నాను, నుదురు గోక్కున్నాను. బర్రె దూడను ఒకసారి నాకి, నూనె ఘాటుకు మొహం తిప్పుకుని, నా బుగ్గ నాకింది. బాగున్నట్టుంది, మళ్లీ నాకింది.

"చేపిందీ! అల్లుడుగారూ, కదలమాకండి!" చెంబులో పాలు జుయ్ జుయ్‌మంటున్నాయి.

సరిగ్గా అప్పుడే పెద్దలు లోపలికొచ్చారు. వాళ్లలో ముసలాయన కళ్లజోడు సర్దుకుని మామగారిని అడిగాడు: "ఏందయ్యా, ఈడ రెండు దూడలున్నయ్యి. ఇందులో నీ అల్లుడేది?"

కాఫీ చానా చిక్కగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. అది ఎవరి చలవో ఒక్కరూ అనలేదు.

ఆ రోజే కొట్టం గుంజ పట్టుకుని ప్రమాణం చేశాను. అత్తారింట్లో ఏ జీవికీ ఏ నూనే రాయను. దోమ నా ముక్కు మీద కాపురం పెట్టినా సరే, గోక్కోను.