శ్యాంసన్ చెయ్యెత్తితేనే ఇంజను

సెల్లులు చూసుకుంట కూర్చుంటారే గానీ, మా చెల్లెలి కొడుకు శ్యాంసన్ గురించి ఒక్కనాడన్నా అడిగినారా? హైదరాబాదులో విమానాల కాడ వాని పని. విమానాలకి వంతులు చెప్పే టవరోళ్లు టైమిచ్చినాక, చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని కింద నిలబడి వాడు చెయ్యెత్తితేనే పైలట్ ఇంజను స్టార్ట్ చేసేది. ముందే చేస్తే ఆయిలు దండగ, ఆలస్యమైతే వంతు పోతది. ఊరికొచ్చి ఆటో ఎక్కినా, "అప్పుడే స్టార్ట్ చేయొద్దు మామా" అని వాచీ చూసేటోడు. "నీ విమానం తగలెయ్యా, కూర్చో" అని తిట్టేదాన్ని. పోయిన ఎండాకాలం ఊరికొచ్చినప్పుడు వానికి గుండె పట్టేసింది. అంబులెన్సులో గిద్దలూరు ఆస్పత్రికి పోతావుంటే రైలు గేటు పడింది. డ్రైవరు హారన్ కొట్టినాడు, నేను గేటోని మీద అరిచినా. వాడేమో పడుకునే, "ఇంజను ఆపు నాయనా, మన టైం రాలే. వస్తే నేను చెయ్యెత్తుతా గదా" అన్నాడు. డ్రైవరు పాపం ఆపినాడు. రైలు పోయింది, గేటు లేచింది. డ్రైవరు వెనక్కి తిరిగి వాని చెయ్యికేసి చూసినాడు. నేనూ చూసినా. లేవలే. వానికి నలభై మూడేళ్లు.