సెకనుకు జానెడు

మా అమ్మాయికి రేపు పలమనేరులో ఒక కాలేజీలో డెమో క్లాసు. లెక్చరర్ ఉద్యోగం వస్తుందా రాదా అన్నది ఆ పాఠం మీదే ఉంది. ఇదివరకు ఏ పాఠమైనా ముందు వాళ్లమ్మకు చెప్పి చూసుకునేది. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఈ సాయంత్రం ఆ చోట నేను కూర్చున్నాను.

అమ్మాయి పెరట్లో తొట్టి కడిగి నీళ్లు నింపి, అల్లిక సూదిని నిలువుగా ముంచి లాగింది. సెకనుకు జానెడు కన్నా నెమ్మదిగా లాగితే ఒక్క అల కూడా లేదు. కాస్త వేగం పెంచగానే సూది ముందు సన్నటి ముడతలు, వెనక వెడల్పాటి అలలు లేచాయి. ముందువి తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు వల్ల, వెనకవి నీటి బరువు వల్ల అని చెప్పింది. నేను చదువుకున్న రోజుల్లో ఇంత చక్కగా ఎవరూ చూపించలేదు.

"నెమ్మదిగా పోతే నీళ్లకు తెలియనే తెలియదా?" అని అడిగాను.

"తెలీకుండా ఎట్లుంటాది నాయనా? దారిస్తాది, మళ్లా కలుసుకుంటాది. పైకి కనపడదు, అంతే."

నేను తొట్టి వైపే చూస్తూ ఉండిపోయాను.

"ఏం నాయనా, వెనక బెంచీలో నిద్రపోతా ఉండావా? ఇంకో డౌటు అడుగు."

నాకేమీ తోచలేదు. మీకు తోస్తే కింద రాయండి, పడుకునేలోపు అడుగుతాను. ఎంత కష్టమైనదైనా పరవాలేదు, మా అమ్మాయి చెప్పగలదు.