తొమ్మిదికి ఎక్కి పదికి దిగిన మా బావ

మా బావ దర్జీ. ఆయన కొట్లో బట్టలు వేసి చూసుకునే గదికి తలుపుండదు, గుడ్డ తెర ఒక్కటే. మూసిన తలుపంటే ఆయనకి ప్రాణం మీదికొస్తుంది. లిఫ్టెక్కడు. మూడో అంతస్తులో కొట్టు పెట్టుకుని, తానులు భుజాన వేసుకుని రొప్పుతూ మెట్లెక్కుతాడు. ఎవరు చెబితే వింటాడు! ఆయన అక్కకీ, అంటే నాకు వరసకి వదినకీ, ఇదే జబ్బు. ఒకే తానులో ముక్కలు. ఆవిడ ముప్పై ఏళ్ల కింద ఓడెక్కి పరాయి దేశానికి కాపురానికి వెళ్లింది. విమానమెక్కే ధైర్యం లేక అప్పట్నుంచి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పోయినేడు వదిన భర్త పోయాడు. పిల్లల్లేరు, కళ్లు మసకబారాయి. "వచ్చి మా ఇంట్లో ఉండక్కా" అని బావ ఫోన్లో బతిమాలాడు.

"ముందు నువ్వు విమానమెక్కి వచ్చి చూపించు. అప్పుడు నేనెక్కుతా" అందావిడ.

బావ వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. చివరికి మా అక్క టికెట్ తెచ్చి చూపించింది. బయల్దేరేది పొద్దున తొమ్మిదికి, దిగేది పదికి.

"గంటేనా? దూరమెంత?"

"దూరంతో మీకేం పని? కొలిచి కత్తిరిస్తారా ఏంటి? టైము చూసుకోండి."

అక్కడి గడియారం మనకంటే ఏడు గంటలు వెనక ఉంటుందని అక్క చెప్పలేదు. ఆయనకీ తట్టలేదు. మధ్యాహ్నం భోంచేసి ఫోన్ చేస్తే వదిన "ఇప్పుడే లేచా" అనేది. బద్ధకం ఎక్కువైందని తిట్టేవాడు మహానుభావుడు.

తోడుగా నన్ను తగిలించారు. ఎక్కిన గంటకి "దిగుతున్నామా?" అన్నాడు. "ఇంకాసేపు" అన్నాను. రెండో గంటకి ముందు సీటు వెనకున్న తెర మీద మ్యాపు వెలిగింది. ఇంకా ఐదు వేల కిలోమీటర్లు, ఆరు గంటలు. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఒరేయ్, మీ అక్క నా కొంప ముంచిందిరా! నీకు తెలుసా?"

"తెలుసు బావా."

"నువ్వు కూడానా!" అని నా మణికట్టు పట్టుకున్నాడు. దిగేదాకా వదల్లేదు. తాను తినలేదు, నన్నూ తిననివ్వలేదు. నా కుడిచెయ్యి మరి. ఒక్కసారి మాత్రం నోరు విప్పి, ట్రాలీ తోసే అమ్మాయి కోటు కాలరు వంకరగా కుట్టారన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది గానీ, ఆ పట్టు చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

దిగాం. గోడ గడియారంలో పది. బావ వాచీలో సాయంత్రం ఐదు. వదిన పక్కింటావిడ చెయ్యి పట్టుకుని వచ్చింది. తమ్ముడి మొహం తడిమి తడిమి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఎంతసేపు పట్టిందిరా?"

నేను నోరు తెరవబోతే బావ నా కాలు తొక్కాడు.

"గంటేనక్కా. తొమ్మిదికి ఎక్కా, ఇప్పుడు పది. ఇట్టే వచ్చేశా."

ముప్పై ఏళ్లుగా అక్కడున్న మనిషికి ఆ గడియారాల సంగతి తెలీదా? అయినా బావ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"గంటే అయితే నేనూ వస్తాలేరా" అంది.

తిరుగు టికెట్ మీద పొద్దున తొమ్మిదికి ఎక్కి అర్ధరాత్రి దిగడమని ఉంది. చూపించమని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. నన్ను మధ్య సీట్లో కూర్చోబెట్టారు. ఈసారి నా రెండు మణికట్లూ పోయాయి.