ముందు సీటు

తగరపువలసలో కంపెనీ బస్సు ఎక్కితే ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. డిగ్రీ ఉండి ఆఫీసులో పనిచేసేవాళ్లు ముందు, హార్బరు వర్కుషాపు ఖలాసీలు వెనక. రాసి పెట్టిన రూలేం కాదు, అయినా మీరినవాడు లేడు.

నీలకంఠం పదేళ్లు వెనక సీటు మనిషే. అబ్బో, ఆ వెనక సీటు వైభోగమే వేరు! మధురవాడ దాటకుండానే చుట్టలు వెలిగేవి, చద్దన్నం గిన్నెల మూతలు లేచేవి. ఎల్లారావు అతని ఒళ్లో సగం కూర్చుని ఊరి కబుర్లన్నీ ఏకరువు పెట్టేవాడు. ఇద్దరిదీ పద్మనాభం దగ్గర ఒకటే ఊరు, వరసకు బావా బావమరుదులు.

ఆ గోలలోనే నీలకంఠం పుస్తకం తెరిచేవాడు. బీకాంకి ప్రైవేటుగా కట్టాడు మరి. అతను చదువుతుంటే మిగతావాళ్ల నోళ్లు మూయించేది ఎల్లారావే. పరీక్షల రోజుల్లో అతని నైట్ డ్యూటీలు కూడా తనే చేశాడు. మొత్తానికి ఎనభై మూడులో నీలకంఠం పాసయ్యాడు, గుమాస్తా అయ్యాడు, ముందు సీటుకొచ్చాడు.

వచ్చాక తెలిసింది అక్కడెంత చప్పగా ఉంటుందో. పక్కాయన పేపరు విప్పితే హార్బరు వచ్చేదాకా తలెత్తడు. వెనక నవ్వులు వినపడితే నీలకంఠానికి ప్రాణం అటే లాగేది. తను లేకపోయినా అంత నవ్వు ఎలా వస్తోందని ఉక్రోషం, తనను మరిచిపోయారేమోనని దిగులు.

ఓ వానాకాలం పొద్దున ఇక ఉండబట్టలేక లేచి వెనక్కి వెళ్లాడు. నవ్వులు ఆగిపోయాయి. ఎల్లారావు గబగబా జరిగి, భుజం మీది తువ్వాలుతో సీటు తుడిచాడు. తన ఒళ్లో కూర్చున్న మనిషి! నీలకంఠానికి ఒళ్లు మండిపోయింది.

"ఎవుడికోసరం తుడుస్తన్నావురా? నానేటి కొత్తోడినా?"

ఎల్లారావు తువ్వాలు మడుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"నువ్విక్కడ కూకోకు బావా. మనోడొకడు ముందు సీట్లో కూకుంతన్నాడని ఊర్లో అందరికీ సెప్పుకుంతన్నాం. నువ్వెనక్కొచ్చేస్తే మాకు నామోషీ."

వెనక సీటంతా అవునన్నట్టు అతనికేసే చూస్తోంది. నీలకంఠం కళ్లు చెమ్మగిల్లాయి. తిరిగి వెళ్లి తన చోట కూర్చున్నాడు.

ఆ బస్సు తిరిగినన్నాళ్లూ అక్కడే కూర్చున్నాడు. వెనక నవ్వులు రేగినప్పుడల్లా, ఏం అనుకున్నారో వినపడకపోయినా, తనూ నవ్వేవాడు. పక్కాయన పేపరు దించి ఓసారి చూసి, మళ్లీ చదువుకునేవాడు.