ఇంగువ తూచిన చెయ్యి

మా చెల్లెలు విద్యాలక్ష్మికి చాదస్తం అనేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. అది నాయన నుంచి వచ్చింది. తిరుత్తణిలో మా చిల్లర అంగడిలో ఇంగువ తూచాక నాయన తక్కెడను తుడిచి, తట్టలో ఒక ఖాళీ కాగితం కాసేపు పెట్టి, తీసి వాసన చూసేవాడు. వాసన తగిలితే మళ్ళీ తుడవాల్సిందే. ఆ తర్వాతే కాఫీపొడి. కొండకు పోయే జనం నిలబడి విసుక్కున్నా ఆయనకు పట్టేది కాదు. నాకు ఒళ్ళు మండేది.

ఇప్పుడు అంగడి నేను చూసుకుంటున్నాను. కాగితం అలవాటు మాత్రం విద్యకు అబ్బింది.

తను రోజూ రైలెక్కి తిరువళ్ళూరులోని ఒక చిన్న పరిశోధన ల్యాబ్‌కు వెళ్తుంది. మలేరియా రోగుల వేలి రక్తం బొట్టును దళసరి కాగితం మీద ఆరబెట్టి అక్కడికి పంపుతారు. విద్య అందులోంచి పంచ్ మిషన్‌తో చిన్న బిళ్ళ కొడుతుంది. ఆ రక్తంలోని క్రిమి జన్యువుల్లో మందుకు లొంగదని చెప్పే గుర్తు ఉందో లేదో పరీక్షలో తెలుస్తుంది. ఇద్దరు రోగుల కాగితాల మధ్య అదే మిషన్‌తో ఒక ఖాళీ కాగితం కూడా కొట్టి, దాన్నీ పరీక్షకు పెట్టాలి. ఒకరి రక్తం ఇంకొకరి దాంట్లో కలవలేదని అదే సాక్ష్యం.

"ఇంత చదివి నాయన పనే చేస్తా ఉండావా?" అన్నాను నేను.

"నువ్వు నేర్చుకోలేదు కదా. అందుకే నీ కాఫీపొడి ఎవురూ కొనడం లేదు," అంది.

పోయిన ఏడాది శివరామయ్య ఇటుకల బట్టీలో, ఒడిశా నుంచి వచ్చిన సుభాష్ అనే కూలీకి మలేరియా వచ్చింది. మూడు రోజుల మాత్రలిచ్చారు. మొదటి రోజువి నర్సు ఎదుట మింగాడు, మిగతావి బట్టీకి తీసుకుపోయాడు. తగ్గిన జ్వరం నాలుగో వారంలో తిరగబెట్టింది. వేరే మందుతో కోలుకున్నాడు గానీ, శివరామయ్య ఊరుకోలేదు.

"మాత్రలు పారేసి జ్వరం తెచ్చుకునేవాడు నాకెందుకప్పా? ఆదివారం పెండ్లాం బిడ్డల్తో రైలెక్కిస్తా," అన్నాడు మా అంగడి ముందు నిలబడి. నేనూ తలూపాను. అబద్ధమెందుకు చెప్పాలి?

జ్వరం తిరగబెట్టినప్పుడు తీసిన సుభాష్ రక్తం బొట్టు విద్య దగ్గరికే వచ్చింది. శుక్రవారం ఫలితం తెలిసింది. గుర్తు ఉంది. అంటే మాత్రలు సరిగ్గా మింగినా జ్వరం తిరగబెట్టి ఉండొచ్చు. విద్య ఫోన్ చేసి ఆ సంగతి చెప్పి, వెంటనే గొంతు తగ్గించింది.

"అన్నా, ఆ బిళ్ళ కొట్టిన పొద్దు రైలు లేటు. తొందర్లో సుభాష్ దానికి ముందర ఖాళీ కాగితం కొట్టలేదు. దానికి ముందు కొట్టిన ఇంకొకరి రక్తంలోనూ గుర్తు ఉండాది. మళ్ళీ చేయాల."

"మళ్ళీ చేస్తే లేదని వస్తే? వాడి బతుకు పోతుంది. వచ్చిందే చెప్పెయ్."

"ఇంగువ అంటిందో లేదో తెలీకుండా కాఫీపొడి ఎట్ల కట్టేది?"

ల్యాబ్‌లో పెద్ద డాక్టర్ జననికి విద్య తన తప్పు తనే చెప్పి, శనివారం సెలవు మానుకుని మొదటి నుంచి చేసింది. ఆ రోజంతా నాకు బేరం మీద మనసు నిలవలేదు. సాయంత్రం ఫోన్ వచ్చింది. ఖాళీ కాగితం శుభ్రంగా ఉంది. సుభాష్ దాంట్లో గుర్తు ఉంది.

ఆదివారం పొద్దున ఇద్దరం బట్టీకి వెళ్ళాం. సుభాష్ వాళ్ళ మూటలు అప్పటికే కట్టి ఉన్నాయి. విద్య డాక్టర్ సంతకం చేసిన చీటీ చూపించి, శివరామయ్యకు అంతా విడమరచి చెప్పింది.

"గుర్తుంటే సరేనమ్మా. వాడు మింగినాడని యాడ రాసుంది?" అన్నాడాయన.

సుభాష్‌కు సగం అర్థమైనట్టుంది. ఒక మూట విప్పి, అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మాత్రల అట్టలు. ఒక్క గుంటలోనూ మాత్ర లేదు. ఎవరైనా అడుగుతారని దాచానని, ఎవరూ అడగలేదని వచ్చీరాని తమిళంలో చెప్పాడు.

శివరామయ్య ఆ అట్టలను తిరగేసి మరగేసి చూశాడు. రైలెక్కాల్సిన పనిలేదు, మిగతా మూటలు కూడా విప్పెయ్యమన్నాడు.

తిరుగు బస్సులో విద్య డాక్టర్ చీటీ మడిచి సంచిలో పెట్టింది.

"క్రిమిని రెండుసార్లు అడిగినానన్నా," అంది. "మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు."

ఆ మనిషిని అడక్కుండానే శివరామయ్య మాటకు తలూపినవాణ్ణి నేను.